సగం వేడితో నడిచిన ఓవెన్: రెండు మాగ్నెట్రాన్ల యంత్రంలో ఒక కేసు

నేపథ్యం

గోదావరి డెల్టాలో హోటళ్లు, బేకరీల వంటగది యంత్రాలను మరమ్మతు చేయడం నా వృత్తి. ఈ కేసులో వచ్చిన ఫిర్యాదు చిన్నది. మూత తీశాక కనిపించింది మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ఇదే పనిలో ఉన్న తోటివారికి పనికొస్తుందని, యజమాని అనుమతితో రాస్తున్నాను. ఊరు, హోటల్, ఓవెన్ తయారుచేసిన కంపెనీ ఏవన్నది ఇక్కడ అవసరం లేదు.

ఆ హోటల్ కోనసీమలో సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంది. చుట్టూ కొబ్బరి తోటలు, వాటి వెనక రొయ్యల చెరువులు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బేకరీ, రాత్రి పార్సిళ్లు. చేపల పులుసు, రొయ్యల కూర, పలావు విడివిడి డబ్బాల్లో ఫ్రిజ్‌లో ఉంటాయి. ఆర్డరు రాగానే డబ్బా ఓవెన్‌లోకి వెళ్లి, నిమిషం రెండు నిమిషాల్లో పొగలు కక్కుతూ బయటికి రావాలి. అందుకే ఇళ్లలో వాడేది కాకుండా 1800 వాట్ల వాణిజ్య మైక్రోవేవ్ ఓవెన్ కొనుక్కున్నారు.

ఇంటి ఓవెన్‌లో మాగ్నెట్రాన్, అంటే మైక్రోవేవ్‌లను పుట్టించే గొట్టం, ఒకటే ఉంటుంది. ఇందులో రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కోదానికి విడిగా ట్రాన్స్‌ఫార్మర్, చార్జిని నిలవచేసే కెపాసిటర్, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 2 వేలు దాటిస్తుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4 వేల దగ్గరికి చేరుస్తాయి. అందరూ భయపడేది ఈ 4 వేలకే, భయపడాల్సిందే కూడా. అయితే అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మాగ్నెట్రాన్ ఫిలమెంట్‌ను (లోపల వేడెక్కాల్సిన సన్నని తీగను) వేడి చేయడానికి సుమారు 3.3 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల కరెంటు ఇంకో చుట్టు నుంచి వెళ్తుంది. ఈ కేసులోని ఫిర్యాదుకు కారణం ఆ 3.3 వోల్టుల దారిలోనే దొరికింది.

ఫిర్యాదు, అంతకుముందు జరిగినవి

“ఒక్కోసారి కాలిపోతోందండి, ఒక్కోసారి గోరువెచ్చగా కూడా ఉండటం లేదు” అన్నారు యజమాని. పొద్దున మొదటి డబ్బాలు బాగానే వేడెక్కుతున్నాయి. రద్దీ పెరిగే కొద్దీ పులుసు అంచులు మరుగుతున్నా మధ్యలో ముక్క చల్లగానే ఉంటోంది. కుర్రాళ్లు సమయం రెట్టింపు పెట్టి నెట్టుకొస్తున్నారు. చేపల కూర మధ్యలో చల్లగా ఉండిపోతే రుచి చెడటంతో పోదు, తిన్నవారి ఆరోగ్యానికీ ముప్పే.

అంతకుముందు ఒక మెకానిక్ వచ్చి కింది మాగ్నెట్రాన్‌ను మార్చాడు. కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ మొదటికొచ్చింది. చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరిగే వేళ ఊళ్లో కరెంటు తగ్గుతుందని ఎవరో చెబితే, యజమాని ఖరీదైన స్టెబిలైజర్ కొన్నారు. దానితోనూ ప్రయోజనం లేదు.

నేను ఏదైనా విప్పేముందు వంటగదిలో పనిచేసేవారిని ఓపికగా అడుగుతాను. యజమాని చెప్పనిది డబ్బాలు పెట్టి తీసే కుర్రాడు చెప్పాడు: “మొదట్లో తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోయేదండి. ఆయన వచ్చి వెళ్లాక ఇక పోవడం లేదు.” యజమాని దృష్టిలో అది తీరిపోయిన బాధ. నాకు మాత్రం ఆ రోజు విన్న మాటల్లో అన్నిటికంటే భయపెట్టినది అదే. తలుపు తీసినప్పుడే ఫ్యూజు పోతోందంటే భద్రతా స్విచ్‌లలో ఒకటి పాడైందని ఓవెనే చెబుతున్నట్టు. స్విచ్ మార్చకుండా ఫ్యూజు పోవడం ఆగిందంటే, ఆ హెచ్చరికను ఎవరో నొక్కేశారన్నమాట.

మూత తీయకుండా తెలుసుకోగలిగినంత

మైక్రోవేవ్ ఓవెన్‌లో హై వోల్టేజిని కొలవడానికి నేను ఎప్పుడూ ప్రయత్నించను. ఎవరూ ప్రయత్నించకూడదు. 4 వేల వోల్టుల వెనక అర ఆంపియర్‌కు తక్కువ కాని కరెంటును ఇవ్వగల ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ ఉంటుంది. సాధారణ మల్టీమీటర్ దాన్ని తట్టుకోదు, పట్టుకున్న చెయ్యి అసలే తట్టుకోదు. అవసరమైన సమాచారం చాలావరకు ప్లగ్గు దగ్గర, నీళ్ల డబ్బాలో దొరుకుతుంది.

ముందు ఎర్తింగ్ చూశాను. హై వోల్టేజి కరెంటు తిరుగు దారి ఓవెన్ బాడీయే కాబట్టి ఎర్త్ లేని ఓవెన్‌ను నేను స్విచ్ వేయను. సాకెట్ ఎర్త్, ఓవెన్ బాడీ రెండూ బాగున్నాయి.

తర్వాత నీళ్ల పరీక్ష. గాజు లేదా ప్లాస్టిక్ పాత్రలో 2 లీటర్ల నీళ్లు పోసి, బాగా కలిపి ఉష్ణోగ్రత చూసి, పూర్తి శక్తితో 2 నిమిషాలు నడిపి, మళ్లీ కలిపి చూడాలి. పెరిగిన సెల్సియస్ డిగ్రీలను 70తో గుణిస్తే నీటిలోకి చేరిన వాట్లు దాదాపుగా వస్తాయి. చల్లగా ఉన్న ఓవెన్‌లో నీళ్లు 28 నుంచి 52 డిగ్రీలకు పెరిగాయి. అంటే సుమారు 1680 వాట్లు. పాత్రకూ గాలికీ పోయే వేడిని తీసేస్తే, 1800 వాట్ల ఓవెన్‌కు అది సరైన లెక్కే. కొంతసేపు వరసగా నడిపి మళ్లీ చేస్తే పెరుగుదల 12 డిగ్రీలే, అంటే 840 వాట్లు. అచ్చంగా సగం. సగానికి పడిందంటే రెండు మాగ్నెట్రాన్లలో ఒకటి మానేస్తోంది. సరఫరా వోల్టేజి తగ్గితే రెండూ కలిసి నీరసపడతాయి తప్ప లెక్క ఇలా సగానికి తెగదు.

అయినా వోల్టేజి సందేహాన్ని మాటతో కొట్టేయకుండా కొలిచే తీర్చుకోవాలనుకున్నాను. నా సంచిలో ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటుంది. దాని మీది తొడుగు కొంతమేర తీసి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తీగలను వాటి ఇన్సులేషన్‌తోనే విడివిడిగా ఉంచాను. ఫేజు తీగ ఒక్కదాని చుట్టూ క్లాంప్ మీటర్ వేస్తే, ఓవెన్ మూత కదపకుండానే అది లాగే కరెంటు తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు 13 ఆంపియర్లు, సాకెట్ దగ్గర 221 వోల్టులు. వేడి తగ్గిన క్షణంలో కరెంటు 8.5కి పడింది, వోల్టేజి తగ్గకపోగా కొంచెం పెరిగింది. స్టెబిలైజర్ ఎందుకు పనిచేయలేదో యజమానికి ఆ రెండు అంకెలతోనే చూపించాను.

ఆ 8.5 దగ్గర కాసేపు ఆగాను. మాగ్నెట్రాన్ వేడెక్కితే దాని మీద ఉండే థర్మల్ కటౌట్ తెగుతుంది. ఈ నమూనాలో కటౌట్ ఆ వైపు ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే సరఫరానే ఆపేస్తుంది. అలా జరిగి ఉంటే కరెంటు 13లో సగం, 6.5 దగ్గర ఉండాలి. 8.5 ఉందంటే రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందుతూనే ఉంది. లోడు లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే లాగే కరెంటు మాత్రం లాగుతోంది, దాని మాగ్నెట్రాన్ ఏమీ తీసుకోవడం లేదు. కాబట్టి లోపం కటౌట్‌లో కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల ఉంది: డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్, లేదా వాటిని కలిపే తీగలు.

మూత తీశాక

మా ప్రాంతంలో హోటళ్లకు జనరేటర్ ఉంటుంది. కరెంటు పోగానే దానంతట అదే అందుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. స్విచ్ బోర్డులోని ఎంసీబీ (బ్రేకర్) దించి పని మొదలుపెట్టడం చాలదు. ప్లగ్గు పీకి, అది నా కళ్ల ముందు బల్ల మీద కనిపించేలా పెట్టుకుంటాను.

ఆ తర్వాత కెపాసిటర్లు. వాటి లోపల సాధారణంగా 10 మెగా ఓంల రెసిస్టర్ ఉంటుంది, నిమిషంలోపే చార్జి దిగిపోవాలి. అది బాగుంటేనే ఆ మాట నిజం. కొన్ని నిమిషాలు ఆగి, రెసిస్టర్ అమర్చిన పొడవైన ఇన్సులేటెడ్ కడ్డీతో, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్కో టెర్మినల్‌ను బాడీకి, తర్వాత రెండు టెర్మినల్స్‌ను ఒకదానికొకటి తాకించాను. పై కెపాసిటర్ దగ్గర చప్పుడు లేదు. కింది దాని దగ్గర సన్నగా చిటుక్కుమంది. లోపలి రెసిస్టర్ తెగిపోయి, అంతసేపు ఆగినా అది చార్జి పట్టుకునే ఉంది. స్క్రూడ్రైవర్‌తో తాకిస్తే పోతుందిలే అనుకునేవారికి, ఈపాటికి దిగిపోయి ఉంటుందని చెయ్యి పెట్టేవారికి నేను చెప్పదలచుకున్నది ఈ చిటుకు గురించే. రెండింటికీ టెర్మినల్స్‌ను కలిపి ఉంచే షార్టింగ్ క్లిప్పులు తగిలించాకే చేతులు లోపలికి పెట్టాను.

అప్పుడు ఫ్యూజు చూశాను. పింగాణీ ఫ్యూజు చుట్టూ రాగి తీగ చుట్టి ఉంది. తలుపు గొళ్లెం పక్కనున్న మూడు స్విచ్‌లలో మానిటర్ స్విచ్ తీగ పీకి, కొసకు టేపు చుట్టేశారు.

తెలియనివారి కోసం ఇక్కడ ఆగి చెప్పాలి. తలుపు తెరవగానే రెండు స్విచ్‌లు విడివిడిగా ఓవెన్‌ను ఆపాలి. వాటిలో ఒకటి అతుక్కుపోయి తెరుచుకోకపోతే, మూడోదైన మానిటర్ స్విచ్ కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును పేల్చేస్తుంది. తలుపు తెరిచిన ఓవెన్ నడవడం కంటే ఓవెన్ చచ్చిపోవడమే మేలన్న ఆలోచనతో చేసిన ఏర్పాటు అది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇక్కడ ఆ రెండింటిలో మొదటిదైన ప్రధాన స్విచ్ కాంటాక్టులు అతుక్కుని ఉన్నాయి. కారణం వంటగది అలవాటులో ఉంది. రద్దీలో ఎవరూ ఆపే బటన్ నొక్కరు, నడుస్తుండగానే తలుపు లాగుతారు. లాగిన ప్రతిసారీ పూర్తి కరెంటును ఆ చిన్న కాంటాక్టులే తెంచాలి. కాలి కాలి చివరికి అతుక్కుపోయాయి. మానిటర్ స్విచ్ తన పని తాను చేసి ఫ్యూజు పేల్చింది. వచ్చినాయన ఫ్యూజు పోకుండా చేశాడు.

ఇక మిగిలిన రక్షణ రెండో స్విచ్ ఒక్కటే. అదీ అతుక్కున్న రోజున, తలుపు తెరిచి ఉండగానే ఓవెన్ నడుస్తుంది. ఓవెన్ ఉన్న అరుగు ఆ కుర్రాడి ముఖం ఎత్తులో ఉంది. కంటి కటకంలో రక్తనాళాలు ఉండవు, మైక్రోవేవ్‌ల వల్ల పుట్టిన వేడిని అది వదిలించుకోలేదు. నాకు ఒళ్లు మండింది. పని తెలియక చేసిన తప్పు కాదిది. ఏ తీగ పీకితే ఫ్యూజు పోదో తెలిసినవాడు చేసింది.

“మేస్త్రి గారూ, సాయంత్రం పెద్ద ఆర్డరు ఉందండి. ముందు వేడి వచ్చేలా చూడండి, స్విచ్‌ల సంగతి తర్వాత చూద్దాం” అన్నారు యజమాని. ఆయన ఇబ్బంది నిజమైనదే. కానీ సరిచేయకుండా ప్లగ్గు పెట్టనని చెప్పాను. “ఆ కుర్రాడి చెయ్యి పొద్దున్నుంచి రాత్రి దాకా అందులోకి వెళ్లి వస్తుందండి. మీ అబ్బాయి ఆ చోట నిలబడితే మీరు ఒప్పుకుంటారా?” అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వంట మాస్టారును పిలిచి, ఆ పూటకు డబ్బాలను మరిగే నీళ్ల గిన్నెలో పెట్టి వేడి చేయమన్నారు.

ఆరోగ్యంగా ఉన్న సగమే కొలబద్ద

రెండు మాగ్నెట్రాన్ల ఓవెన్‌లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. రెండు సగాలూ కవల పిల్లల్లాంటివి. జబ్బు చేసిన వైపు ఏ అంకె ఎంత ఉండాలో పుస్తకంలో వెతకనక్కర్లేదు, పక్కనే బాగున్న వైపు కొలిచి చూస్తే చాలు. ఒకే మోడల్, ఒకే వయసు, ఒకే ఉప్పు గాలి.

అన్నిటినీ తీగలు విడదీసి కొలిచాను. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లు రెండు వైపులా దాదాపు సమానం. డయోడ్‌ను మల్టీమీటర్ ఓం స్కేలులో చూస్తే బాగున్నది కూడా రెండు దిశల్లోనూ తెగినట్టే కనిపిస్తుంది. దాని లోపల చాలా డయోడ్లు వరసగా ఉంటాయి, మీటర్ ఇచ్చే వోల్టేజి వాటిని దాటలేదు. దానితో వరసగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టి కొలిస్తే ఒక దిశలో కొన్ని వోల్టులు రావాలి, రెండో దిశలో రాకూడదు. రెండు డయోడ్లూ అలాగే ఉన్నాయి. మాగ్నెట్రాన్ల ఫిలమెంట్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్‌ను పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్‌తో చూశాను, రెండింటిలోనూ కరెంటు లీకు లేదు. కింది మాగ్నెట్రాన్ ఫిలమెంట్ పిన్నుల మధ్య ఒక ఓంలో కొద్ది భాగమే, పై దానిలాగే.

అంటే విడిగా తీసి చూస్తే ప్రతి భాగమూ బాగుంది. మునుపటి మెకానిక్ కూడా ఇక్కడిదాకా వచ్చి, కింది మాగ్నెట్రాన్‌ను అనుమానం మీద మార్చి ఉంటాడు. నేను కొలిచే చోటు మార్చాను. లగ్గులను (తీగ కొసన పిన్నుకు తొడిగే లోహపు ముక్కలను) పిన్నులకు మళ్లీ తొడిగి, మాగ్నెట్రాన్ దగ్గర కాకుండా తీగల అవతలి కొసన, ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి కొలిచాను. పై వైపు మీటర్ నిలకడగా 0.3 ఓం చూపింది. కింది వైపు 0.4 దగ్గర మొదలై, ప్లాస్టిక్ పుల్లతో తీగను కొంచెం కదిపితే 2 దాకా ఎగిరి దిగింది.

లగ్గు పీకి వెలుతురులో చూశాను. పై మాగ్నెట్రాన్ లగ్గు ఇంకా వెండి రంగులోనే ఉంది, పీకడానికి ప్లయర్ కావలసి వచ్చింది. కిందిది వేళ్లతోనే ఊడి వచ్చింది. లోహం నీలం, గోధుమ రంగుల్లోకి తిరిగింది. పిన్ను పట్టుకోవాల్సిన రెండు చెక్కులూ తెరుచుకుపోయాయి. తీగ మీది ఇన్సులేషన్ వంచితే పొడిపొడిగా రాలింది, లోపలి రాగి పోగులు నల్లబడి ఉన్నాయి.

లెక్క వేస్తే అంతా అర్థమవుతుంది. వేడెక్కిన ఫిలమెంట్ నిరోధం ఒక ఓంలో మూడో వంతు. లగ్గు దగ్గర అదనంగా 0.1 ఓం చేరినా 3.3 వోల్టుల్లో నాలుగో వంతుకు దగ్గరగా అక్కడే ఖర్చవుతుంది. గోరంత లోహం మీద 6 వాట్ల వేడి ఎప్పుడూ ఉంటుంది. వేడికి లగ్గు మరింత వదులవుతుంది, నిరోధం పెరుగుతుంది, ఫిలమెంట్ చల్లబడి మాగ్నెట్రాన్ మానేస్తుంది. పొద్దున బాగుండి రద్దీలో చెడటానికి కారణం ఇదే.

ఉప్పు గాలే కారణమా అని యజమాని అడిగారు. అదొక్కటే అయితే పై లగ్గు కూడా పాడవ్వాలి. రెండూ ఒకే గాలి పీల్చాయి. తేడా ఏమిటంటే, పై లగ్గును ఫ్యాక్టరీలో తొడిగాక ఎవరూ పీకలేదు. కింది దాన్ని మాగ్నెట్రాన్ మార్చినప్పుడు పీకి, బిగువు తగ్గిన పాత లగ్గునే కొత్త పిన్నుకు తొడిగారు. వదులైన చోట తేమ, ఉప్పు చేరి మిగతా పని పూర్తి చేశాయి. అసలు మొదటి మాగ్నెట్రాన్ నిజంగా పోయిందో, దాని లగ్గే పోయిందో చూద్దామంటే దాన్ని అయస్కాంతాల కోసం పగలగొట్టేశారు. ఆ పని ఎవరూ చేయవద్దు. కొన్ని మాగ్నెట్రాన్ల పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

చేసిన పని

మాగ్నెట్రాన్‌ను మార్చలేదు. పిన్నుల మీద గుంటలు లేవు, శుభ్రం చేశాక కొత్త లగ్గు గట్టిగా పట్టింది. నల్లబడిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా కోసి, ఎక్కువ వేడికి తట్టుకునే నికెల్ పూత లగ్గులను సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాను. అక్కడ టంకం వేయకూడదు, ఆ వేడికి నిలవదు. లోపలి రెసిస్టర్ పోయిన కెపాసిటర్ స్థానంలో అదే విలువ, అదే వోల్టేజిది వేశాను.

స్విచ్‌ల విషయంలో అతుక్కున్నది ఒకటే అయినా మూడూ మార్చాను. మానిటర్ స్విచ్ షార్ట్ అయిన ప్రతిసారీ ఆ భారీ కరెంటు దాని కాంటాక్టుల గుండా, ప్రధాన స్విచ్ కాంటాక్టుల గుండా వెళ్తుంది. మానిటర్ స్విచ్ మీటర్‌లో బాగున్నట్టు కనిపించినా మరోసారి నమ్మడానికి లేదు. రాగి తీగ చుట్టిన ఫ్యూజు తీసి, ఓవెన్ మీద రాసిన రేటింగుది వేశాను. తర్వాత ప్లగ్గు లేకుండా, మీటర్ పెట్టి, తలుపును వెంట్రుకవాసి చొప్పున తెరుస్తూ వరస చూశాను. రెండు స్విచ్‌లూ తెరుచుకున్న తర్వాతే మానిటర్ మూసుకోవాలి. గొళ్లెం పలకను కొంచెం సర్దాక ఆ వరస కుదిరింది. వెనక జాలీలో నూనె, మైదా పిండి కలిసి పేరుకున్న ముద్దను కడిగి, ఓవెన్‌ను గోడకు ఎడంగా జరిపాను.

క్లిప్పులు తీసి, మూత పూర్తిగా బిగించాకే ప్లగ్గు పెట్టాను. ఖాళీ ఓవెన్‌ను ఎప్పుడూ నడపను. మైక్రోవేవ్‌లు బయటికి వస్తున్నాయేమో చూసే లీకేజీ పరీక్షకు 275 మిల్లీలీటర్ల నీళ్లు మధ్యలో పెట్టి, క్యాలిబ్రేషన్ చేయించిన మీటర్‌ను 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని తలుపు అంచులు, అద్దం, కీళ్లు, గాలి రంధ్రాల వెంట నెమ్మదిగా తిప్పాను. తలుపును దాని ఆట ఉన్నంతవరకు లాగి పట్టుకుని కూడా చూశాను. ఆ దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు. ఎక్కువగా కనిపించిన గొళ్లెం మూలలో కూడా 0.4 దాటలేదు. బజారులో చవకగా దొరికే బొమ్మ మీటర్లతో ఈ పరీక్ష చేసి మంచిదని చెప్పడం కంటే చేయలేదని చెప్పడం నిజాయతీ.

చివరగా ఓవెన్‌ను బాగా వేడెక్కనిచ్చి నీళ్ల పరీక్ష మళ్లీ చేశాను. 28 నుంచి 52. కరెంటు 13 దగ్గరే నిలిచింది.

తర్వాత

తలుపు లాగే అలవాటు మానకపోతే కొత్త స్విచ్‌లకూ అదే గతి. వంటగదిలో పనిచేసే అందరినీ నిలబెట్టి, అతుక్కున్న స్విచ్‌ను విప్పి కాంటాక్టులు చూపించాను. ఆపే బటన్ నొక్కి తలుపు తీయాలని, ఫ్యూజు పోతే వెంటనే కబురు చేయాలని, దాన్ని మార్చమని ఎవరికీ చెప్పవద్దని కోరాను. మూత లోపలివైపు ఒక కాగితం అతికించి ఏవేవి మార్చానో, లీకేజీ, కరెంటు అంకెలు ఎంతెంతో తేదీతో రాశాను. తర్వాత ఎవరు విప్పినా వారికి ఆధారం ఉంటుంది.

వర్షాకాలం ముగిశాక మళ్లీ వెళ్లి కొలిచాను. లీకేజీ, నీళ్ల పరీక్ష అంకెలు దాదాపు మారలేదు. లగ్గులు రంగు మారకుండా, బిగువుగా ఉన్నాయి. ప్రధాన స్విచ్ కాంటాక్టుల మీద మాత్రం సన్నని నల్లటి మచ్చ మొదలైంది. ఎవరో ఇంకా తలుపు లాగుతూనే ఉన్నారని యజమానితో చెప్పి, ఆ స్విచ్‌ను అప్పుడే మార్చాను.